హైబర్నేట్‌ను దాచినవారికి ఉద్దానపు తీరమునుండి బహిరంగ లేఖ

పలాస, శ్రీకాకుళం జిల్లా

కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్‌లను నిర్మించు ఇంజనీర్లకును, వానిని కూర్చి లోకమునకు పంచు సంస్థలయందు నిర్ణయాధికారము వహించియున్నవారికిని, ఆ సంస్థలలో పనిచేయుచున్న తెలుగువారికిని,

ఆర్యులారా,

కరెంటు పోయి యూపీఎస్ కూయుచుండగా, తెరపైనున్న పని యావత్తును ఉన్నదున్నట్లుగా డిస్క్‌పైకి దింపి, యంత్రమును పూర్తిగా ఆర్పి, కరెంటు వచ్చిన పిమ్మట విడిచిన చోటనే మరల అందుకొనుటకు వీలు కల్పించు హైబర్నేట్ అను సౌకర్యమును మీరే నిర్మించితిరి. పిదప మీరే దానిని మా కంటికి కానరాకుండ దాచితిరి. ఆ దాచుటను నేను అంగీకరింపజాలను. అంతకంటెను, ఆ సౌకర్యము తడబడుటకు గల కారణములలో ముఖ్యమైన యొక పనిని, అనగా డిస్క్‌పైకి దింపుటకు ముందుగా ర్యామ్‌ను తేలిక చేయు పనిని, మీరు సగములో విడిచితిరనియు, ఆ సగము పనికి వెలను మావంటి తీరవాసులు చెల్లించుచున్నారనియు మీకు నేరుగా విన్నవించుటకే ఈ లేఖ వ్రాయుచున్నాను.

2012 ఏప్రిల్‌లో, లినక్స్ పంపిణీలలో నొకటైన ఉబుంటు 12.04 వెలువడినపుడు హైబర్నేట్ మెనూనుండి తొలగిపోయినది. పెక్కు యంత్రములపై అది నమ్మదగిన రీతిని పనిచేయుట లేదన్నది అందులకు చెప్పిన కారణము. ఆ సంవత్సరమే వచ్చిన విండోస్ 8 మొదలుకొని, పవర్ మెనూలో హైబర్నేట్ కనబడవలెనన్నచో కంట్రోల్ ప్యానెల్‌లో లోలోపలికి పోయి గుర్తు పెట్టుకొనవలసి వచ్చుచున్నది. 2017లో ఉబుంటు 17.04, ర్యామ్‌లోనివానిని దింపుకొనుటకు డిస్క్‌పై నుండు స్వాప్ అను చోటునకు ప్రత్యేకమైన విభాగమును మాని, సామాన్యముగా 2 గిగాబైట్లకు మించని స్వాప్ ఫైలును పెట్టుట ఆరంభించినది. 8 గిగాబైట్ల ర్యామ్ నిండ పని పెట్టుకొన్న యంత్రము తన భారమును ఆ 2 గిగాబైట్లలో ఎట్లు దింపుకొనగలదు? 2019లో, లినక్స్‌కు గుండెకాయయగు కెర్నెల్ 5.4లో చేరిన లాక్‌డౌన్ అను భద్రతా కట్టడి అమలులోనున్నపుడు హైబర్నేట్ మొత్తముగా నిషిద్ధము; సెక్యూర్ బూట్ గల యంత్రములపై పెక్కు పంపిణీలు దానిని అమలుచేయుచున్నవి. 2020లో మరియొక పంపిణీయగు ఫెడోరా 33 స్వాప్‌ను ర్యామ్‌లోనే కుదించి యుంచు జెడ్‌ర్యామ్ పద్ధతిని అవలంబించినది. కరెంటుతోపాటు మాయమగు స్థలములో దేనిని భద్రపరుపగలము? వీనిలో ఏ నిర్ణయమునకు ఆ నిర్ణయము చేసినవారి న్యాయము లేకపోలేదు. కాని ఇవి యన్నియు ఒకదానిపై ఒకటి చేరి, నేడు క్రొత్త యంత్రమును కొని తెచ్చుకొన్న సామాన్యునికి హైబర్నేట్ అనునది యొకటి కలదన్న సంగతియే తెలియకుండ చేసినవి. ఈ మొత్తమునకు ఎవరు బాధ్యులు? ఈ నిర్ణయములు చేయునపుడు కరెంటు నిలువని ఊళ్ళలో నివసించువారిని ఎవరైనను అడిగితిరా?

మీరు మాకు మిగిల్చినది స్లీప్. అది ర్యామ్‌ను కరెంటుతోనే సజీవముగ నిలుపునది. కరెంటు పోయినచో అదియు పోవును. కరెంటు ఎన్నడును పోని భవనములో కూర్చున్నవానికి అది చాలును. మా సంగతి వేరు. 2018 అక్టోబరు 11 వేకువజామున తిత్లీ తుఫాను గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముగల గాలితో ఈ పలాస సమీపముననే తీరము దాటినది. ఉద్దానమను మా తీరప్రాంతపు కొబ్బరి, జీడి తోటలు కూలినవి, వేలాది విద్యుత్ స్తంభములు నేలకొరిగినవి, పల్లెలు దినములతరబడి చీకటిలో మ్రగ్గినవి. అంతకు ఐదేండ్ల ముందు, 2013 అక్టోబరులోనే, ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ వద్ద తీరము దాటుచు ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట ప్రాంతములను ఊపివైచినది. తుఫానులను గూర్చి చెప్పితినని, ఇది ఏండ్లకొకసారి వచ్చు ఆపద మాత్రమేయని మీరు తలంపవలదు. తీగపై కొబ్బరిమట్ట యొకటి విరిగిపడిన చాలును. ఎండకాలపు సాయంకాలమున ఈదురుగాలి యొకటి వీచిన చాలును. కరెంటు పోవును, ఎప్పుడు వచ్చునో చెప్పువారుండరు.

అట్టి వేళ యంత్రముల ముందు కూర్చున్నవారెవరు? కాశీబుగ్గలో 80 కిలోల బస్తాలుగా వచ్చిన జీడిపిక్కల లెక్కలను, 180, 240, 320 అను రకములుగా విడదీసిన పప్పు లెక్కలను పట్టికలోనికి ఎక్కించుకొను గుమాస్తా. నౌపడ ఉప్పుమళ్ళ కూలీల హాజరు వ్రాసుకొను మేస్త్రీ కుమారుడు. టెక్కలిలో మరునాడు ఒప్పగింపవలసిన ప్రాజెక్టును సగము వ్రాసియున్న విద్యార్థిని. మరియొకరిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. ఉద్దానమున ఇంటింట కన్నీరు పెట్టించుచున్న మూత్రపిండముల వ్యాధికి కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. కారణము తెలియని వ్యాధి విషయమున ప్రతి మనిషి వయస్సు, వృత్తి, త్రాగిన నీటి బావి, క్రియాటినిన్ అంకె ఏనాడెంత యున్నదన్న వివరము, ఇవి యన్నియు అమూల్యములే. ఎన్నటికో దొరకవలసిన సమాధానము ఏ వరుసలో దాగియున్నదో ముందుగా ఎవరు చెప్పగలరు? పెద్ద ఆసుపత్రులకు జనరేటర్లుండును. ఊరిలోని చిన్నగదిలో, బ్యాటరీ ముసలిదైన యూపీఎస్ ఆధారముగా, పాత డెస్క్‌టాప్‌పై ఆ అంకెలను ఎక్కించువారికి మీరు ఏ రక్షణ నిచ్చితిరి?

ఇచ్చినదేమో చెప్పుచున్నాను. పెక్కు లినక్స్ డెస్క్‌టాప్‌లలో బ్యాటరీని కనిపెట్టుచుండు యూపవర్ అను సేవ, బ్యాటరీ 2 శాతమునకు పడినపుడు, ముందుగా, ప్రతిని డిస్క్‌పై దింపి పిమ్మట నిద్రించు హైబ్రిడ్ స్లీప్‌ను, అది వీలుకానిచో హైబర్నేట్‌ను, అదియు వీలుకానిచో యంత్రమును ఆర్పివేయుటను ఎన్నుకొనును. ఆ మొదటి రెండింటికిని డిస్క్‌పై చోటు కావలయును. మీరు స్వాప్‌ను కుదించి, హైబర్నేట్‌ను మూసియుంచితిరి కనుక, ఆ వరుసలో మిగిలినది చివరిదొక్కటే. పని దాచబడక మునుపే యంత్రము ఆరిపోవును. ఇక 2 శాతము సంగతి: ముసలి బ్యాటరీలో 2 శాతమనగా ఎన్ని సెకన్లో మీరు ఎప్పుడైన కొలిచితిరా?

ఇపుడు ర్యామ్‌ను తేలిక చేయుటను గూర్చి. లినక్స్ కెర్నెల్ హైబర్నేట్ చేయునపుడు, ఫైళ్ళలో వ్రాయవలసినవి వ్రాసి, నడుచుచున్న పనులను స్తంభింపజేసి, ర్యామ్‌లోని విషయమునకు ర్యామ్‌లోనే యొక ప్రతిరూపమును తీసి, పిమ్మట ఆ ప్రతిరూపమును స్వాప్‌లోనికి వ్రాయును. ప్రతిరూపము ర్యామ్‌లోనే తీయవలసియుండుటచే అది ర్యామ్‌లో సగమునకు మించరాదు. కావున సగమునకు పైగా నిండియున్న యంత్రముపై, ముందుగా ఖాళీచేయుట అలంకారము కాదు, అది లేక పని మొదలే కాదు. ఖాళీ చేయుటయనగా దేనిని ఖాళీ చేయవలయును? ర్యామ్‌లో నుండునవి యన్నియు సమానములు కావు. ఫైళ్ళనుండి చదివి, మరల కావలసివచ్చునేమోయని దగ్గర పెట్టుకొన్న పేజీ క్యాష్ యొక భాగము. దాని మూలము డిస్క్‌పై చెక్కుచెదరక ఉన్నది. మార్పులు జరిగియు ఇంకను డిస్క్‌నకు చేరనివి రెండవ భాగము. ఏ ఫైలులోను లేక, నడుచుచున్న ప్రోగ్రాముల చేతిలో మాత్రమే ఉన్నవి, అనగా గుమాస్తా ఇంకను సేవ్ చేయని పట్టిక వంటివి, మూడవ భాగము. తుఫాను హెచ్చరిక వచ్చినపుడు భావనపాడు తీరమున ఇల్లు విడిచి షెల్టరునకు పోవు తల్లి బిందెలను, బియ్యపు డబ్బాలను విడిచిపెట్టి, పట్టాదారు పాసుపుస్తకమును, రేషను కార్డును, పిల్లల సర్టిఫికెట్లను కొంగున కట్టుకొనును; మరల కొనదగిన దేదో, మరెక్కడను దొరకని దేదో ఆమెకు ఎవరును నేర్పనక్కరలేదు. మీ కెర్నెల్‌నకు అది నేర్పవలసినవారు మీరు.

నేర్పలేదా యన్నచో, కొంత నేర్పితిరి. 2006లో కెర్నెల్ 2.6.16లో డ్రాప్ క్యాషెస్ అను మీట నిచ్చితిరి. ముందుగా సింక్ చేసి, అనగా మార్పులను డిస్క్‌నకు వ్రాయించి, పిమ్మట అందు 3 అను అంకెను వ్రాసినచో, మరల చదువుకొనదగిన పేజీలలో పెక్కు విడుదలయగును, ఒక్క అక్షరమైనను నష్టము కాదు. తెలిసినవారు హైబర్నేట్‌కు ముందు ఇట్లు చేయుదురు. కాని దానికి నిర్వాహకుని పాస్‌వర్డ్ కావలయును, నల్లని తెరపై ఆజ్ఞలు వ్రాయవలయును; యూపీఎస్ కూయుచుండగా పట్టిక ఎక్కించుచున్న మనిషి ఆ పని చేయునా? కెర్నెల్ తనంతట తాను ర్యామ్‌ను కుదించునపుడు ఈ విచక్షణను పూర్తిగా పాటింపదు. డిస్క్‌పై మూలము చెక్కుచెదరక యున్న శుభ్రమైన పేజీలను విడుచుటతో ఆగక, కావలసినంత చోటు ఏర్పడువరకు, ప్రోగ్రాముల సొంత పేజీలను గూడ స్వాప్‌లోనికి నెట్టును. ఏ స్వాప్‌లోనికి? తరువాత ప్రతిరూపమును వ్రాయవలసిన ఆ స్వాప్‌లోనికే! ఖాళీచేయుటయే చోటును మ్రింగుచున్నది. ప్రతిరూపమంతయు సిద్ధమైన పిమ్మట, వ్రాయబోవు సమయమున, స్వాప్ చాలదని కెర్నెల్ గుర్తించి, తప్పు చెప్పి, వెనుకకు మరలి, స్తంభింపజేసిన పనులన్నిటిని మరల మేల్కొల్పును. ఈలోపల యూపీఎస్‌లోని చివరి సత్తువ తీరిపోవును. హైబర్నేట్ ఆజ్ఞను కెర్నెల్‌నకు అందించు సిస్టమ్‌డీ అను సేవ ముందుగానే యొక లెక్క చూచుననుట నిజమే. కాని చాలదని తేలినపుడు అది నిరాకరించి ఊరకుండును తప్ప, శుభ్రమైన పేజీలను విడిపించి, అవసరము లేనివానిని మూయింపుమని యజమానిని అడిగి, మరల ప్రయత్నింపదు. ఆపత్సమయమున నిరాకరించుటకంటె, ఆపద లేని నాడే యంత్రము తన బరువును కొలుచుకొని, ఈ డిస్క్‌పై ఇంత చోటు చాలదని యజమానికి చెప్పుట మేలు కాదా?

సమయమును గూర్చియు లెక్క వేయుదము. ప్రతిరూపము ఎంతలో ఉండవలెనన్నది ఇమేజ్ సైజ్ అను ఫైలులో వ్రాసియుండును. అది నేడు మొత్తము ర్యామ్‌లో సుమారు 2/5 వంతు. 4 గిగాబైట్ల యంత్రమునకు అది 1.6 గిగాబైట్లు. పాతదైన తిరుగు డిస్క్ వరుసగా వ్రాయునపుడు సెకనుకు 100 మెగాబైట్లు వ్రాయగలిగినచో, 16 సెకన్లలో పని తీరును; కెర్నెల్ ప్రతిరూపమును కుదించి వ్రాయును గనుక ఇంకను త్వరగా తీరవచ్చును. ఇందు భయపడవలసినది లేదు. జాగు అంతకుముందు ఘట్టమున జరుగును. శుభ్రమైన పేజీలను విడుచుటకు క్షణము చాలును, ఏలననగా దేనిని వ్రాయనక్కరలేదు. ప్రోగ్రాముల పేజీలను స్వాప్‌లోనికి నెట్టుటయన్ననో, అది డిస్క్‌పై అక్కడొకటి ఇక్కడొకటి వ్రాయుట. తిరుగు డిస్క్ ముల్లు అటునిటు పరుగులిడుటలోనే నిమిషములు గడచును. తిరిగి మేల్కొనిన పిమ్మటను ఆ పేజీలను ఒక్కొక్కటిగా ఏరుకొనవలయును; యంత్రము మేల్కొనియు మత్తులో నున్నట్లు కదలదు. హైబర్నేట్ నిదానమనియు, దానికంటె ఆర్పి వెలిగించుటయే మేలనియు జనులలో అపఖ్యాతి కలుగుటకు ఇదియొక కారణము. కావున విడువదగినదానిని మొదట విడిచి, విడువరానిదానిని వరుసగా ప్రతిరూపములోనే వ్రాయుట, ఇదియే కొద్ది నిమిషముల యూపీఎస్ గలవానికి తగిన క్రమము. ఇమేజ్ సైజ్‌లో సున్న వ్రాసి, వీలైనంత చిన్నదిగా చేయుమని చెప్పుటయు దీనికి పరిష్కారము కాదు. అట్లు చేసినచో నెట్టుడు ఇంకను హెచ్చును.

ఈ తగవు మీలో క్రొత్తది కాదు. లినక్స్‌లో హైబర్నేట్‌కు తొలిరూపమై, గాబోర్ కుతి ఆరంభించిన స్వాప్ సస్పెండ్‌ను పావెల్ మాచెక్ 2002లో కెర్నెల్‌లోనికి చేర్చెను. ఆ త్రోవను నైజెల్ కన్నింగ్‌హామ్ వేరుగా పెంచి, మొదట సస్పెండ్2 అనియు పిదప టక్స్‌ఆన్‌ఐస్ అనియు పేరిడి, క్యాష్‌ను గూడ విడువక రెండు భాగములుగా వ్రాయు ఉపాయమును కనుగొనెను: క్యాష్ మొదలగు పేజీలను ముందుగా డిస్క్‌నకు వ్రాసి, ఆ పేజీలున్న చోటులోనే మిగిలినదానికి ప్రతిరూపము తీయుట. ర్యామ్‌లో సగమను హద్దు అందువలన తొలగినది. మేల్కొనిన యంత్రము వెంటనే చురుకుగా కదలినది. ఏండ్లకొలది శ్రమించినను ఆ పనికి ప్రధాన కెర్నెల్‌లో చోటు దొరకలేదు. రఫాయెల్ వైసోకి ప్రభృతులు ప్రధాన కెర్నెల్‌లోని పద్ధతినే దిద్ది, మొదట 500 మెగాబైట్లుగా నుండిన హద్దును పిదప 2/5గా మార్చిరి. వీరందరు మహోపకారులు, వారి పరిశ్రమపట్ల నాకు గౌరవమే కాని మరియొకటి లేదు. కాని మేల్కొనునపుడు చురుకు కావలసిన ల్యాప్‌టాప్ యజమానికిని, నిద్రించులోపల సెకన్లు లెక్కపెట్టుకొను యూపీఎస్ యజమానికిని ఒక్కటే అంకె సరిపోవునా? ఈ ఇద్దరిలో తానెవరో చెప్పుకొనుటకు యజమానికి ఒక్క ప్రశ్నయైన వేయని మీ సెట్టింగుల పుట, తెర రంగులను మార్చుకొనుటకు ఎన్ని విధముల వీలు కల్పించుచున్నదో మీరు గమనించితిరా?

మీరు చెప్పబోవు సమాధానములు నాకు తెలియును. నేడు అందరికిని ల్యాప్‌టాప్‌లు, ఎస్‌ఎస్‌డీలు ఉన్నవందురు. మీ ఊరిలో నుండవచ్చును. మా వీధులలో పదేండ్ల నాటి డెస్క్‌టాప్‌లు ఇంకను అన్నము పెట్టుచున్నవి. పని యంతయు క్లౌడ్‌లో దాగునందురు. కరెంటు పోయినపుడు వీధి చివరి పెట్టెలోని ఇంటర్నెట్టును పోవును. తుఫాను నాడు టవర్లును మూగబోవును. చేరవలసినది చేరకమునుపే దారి తెగినపుడు క్లౌడ్ ఎవరిని రక్షించును? భద్రతను గూర్చి మీరు చెప్పుదానిలో మాత్రము సారము కలదు. సంతకము లేని ప్రతిరూపమును నమ్మి మేల్కొనుట, దానిని ఎవరైన మార్చియుండినచో, కెర్నెల్ తలుపును తెరచి యుంచుటయే. పాస్‌వర్డులును అందుండును గనుక దానిని గుప్తీకరింపవలసినదే. ఒప్పుకొందును. కాని తలుపునకు తాళము బలహీనమని తెలిసినపుడు గట్టి తాళము చేయవలసినవారు, గోడ కట్టి సంవత్సరములు గడచుచున్నను, తాళము సంగతి ముగింపకుండుట న్యాయమా? నమ్మదగినట్లు పనిచేయలేదన్న 2012 నాటి కారణమునకును ఇదియే నా ప్రశ్న. పనిచేయని దానిని బాగుచేయుట మీ వృత్తిధర్మము. దాచుట ఎట్లు ధర్మమైనది?

మీలోని తెలుగువారితో రెండు మాటలు ప్రత్యేకముగా చెప్పవలయును. టెక్కలి కళాశాలలో ఇంజనీరింగు చదివి, హైదరాబాదునకో, బెంగళూరునకో, సముద్రములు దాటియో పోయి, ఈ సంస్థలలోనే ఉన్నత స్థానములలో నున్న అమ్మలారా, అయ్యలారా, మందసలోను, వజ్రపుకొత్తూరులోను మీ తల్లిదండ్రులు నేటికిని ఉన్నారు. కరెంటు పోయిన ఇంటిలో లాంతరు వెలుతురున చదివి పైకి వచ్చినవారు మీలో పలువురు. ఒక సౌకర్యమును మెనూనుండి తొలగింతమా యని సమావేశములో చర్చ జరుగునపుడు, ఎవరును దీనిని వాడుట లేదు కదా యని ఎవరో అన్నపుడు, వాడువారు కలరని చెప్పుటకు ఆ గదిలో మీకంటె అర్హులెవరు? మీరు మౌనము వహించినచో మా పక్షమున ఇంకెవరు పలుకుదురు?

నేను కోరునవి అసాధ్యములు కావు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించునపుడే, ఇచ్చట కరెంటు పోవుచుండునా యని యజమానిని అడుగుడు. అవునన్నచో డిస్క్‌పై ర్యామ్ మొత్తమునకును, ముందుగా స్వాప్‌లోనికి నెట్టబడిన దానికిని చాలునంత చోటు కేటాయించి, హైబర్నేట్‌ను మెనూలో నిలుపుడు. హైబర్నేట్ మీట నొక్కినపుడు మొదట శుభ్రమైన క్యాష్‌ను విడిచి, పిదప మాత్రమే మిగిలినదానిని తాకుడు. చోటు చాలునో లేదో ప్రతిదినము తీరిక వేళ కొలిచి, చాలనినాడు ముందుగానే తెలుపుడు. స్వేచ్ఛ వంటి సంస్థల కార్యకర్తలు ఎంతో శ్రమపడి కంప్యూటరును తెలుగులోనికి తెచ్చియుండగా, ఈ ఒక్క హెచ్చరిక ఇంగ్లీషులోనే, అదియు ఎవరును తెరవని లాగ్ ఫైలులోనే యుండుట ఏల? బ్యాటరీ 2 శాతమునకు పడువరకు వేచియుండక, ప్రతిరూపము వ్రాయుటకు ఈ యంత్రమునకు ఎంత కాలము పట్టునో అదివరకటి అనుభవమును బట్టి గణించి, అంతకు రెట్టింపు మిగిలియుండగనే పని మొదలిడుడు.

పరీక్షింపకుండ దేనిని విడుదల చేయబోమని మీరందురు. మంచిది. 4 గిగాబైట్ల ర్యామ్, తిరుగు డిస్క్, మూడేండ్లు వాడిన బ్యాటరీతో కూడిన యూపీఎస్ గల యంత్రమును మీ పరీక్షాశాలలో నొకటి నిలుపుడు. పట్టికలు, బ్రౌజరు, తెలుగు టైపింగు తెరచి ర్యామ్‌ను నింపుడు. పిమ్మట గోడనుండి ప్లగ్గును లాగివేయుడు. ఆ యంత్రము మరల మేల్కొని, సేవ్ చేయని ఆఖరి వరుసను గూడ చూపినంతవరకు మీ తరువాతి విడుదలను సిద్ధమైనదని ప్రకటింపకుడు. అట్టి యంత్రము మీకు దొరకనిచో పలాసకు వ్రాయుడు. కాశీబుగ్గ దుకాణములలో కావలసినన్ని కలవు.

ఇట్లు,
ఉద్దానపు తీరవాసి యొకడు